ఎన్నాళ్లు దాచాలో తేల్చుకుని యాపిల్ కొనండి: ఫ్యూజీ, గాలా, డెలీషియస్, గ్రానీ స్మిత్

పళ్ల దుకాణంలో యాపిల్స్ ముందు నిలబడ్డప్పుడు మనం చూసేది రంగు, అడిగేది "తియ్యగా ఉంటాయా?" అని. రెండూ సహజమే. కానీ దుకాణానికి వెళ్లకముందే ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ పళ్లు ఎన్ని రోజుల్లో అయిపోతాయి? అన్నాళ్లూ ఎక్కడ ఉంటాయి? పిల్లలున్న ఇంట్లో కిలో యాపిల్స్ రెండు రోజులు ఆగవు. ఇద్దరే ఉండే ఇంట్లో రోజుకొకటి కోసుకుని చెరిసగం తింటే అదే కిలో వారం వస్తుంది. ఊరికి దూరంగా ఉండి నెలకోసారి సరుకులు తెచ్చుకునేవాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. ఈ ఇళ్లన్నిటికీ ఒకే రకం సరిపోదు. ఈ లెక్క వేసుకోకపోవడం వల్లే ఖరీదు పెట్టి కొన్న పండు వారం తిరిగేసరికి పిండిపిండిగా మారి, ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేయాల్సి వస్తుంది.

నా సిఫార్సు ముందే చెప్పేస్తాను. రెండు వారాలకు మించి దాచుకోవాలంటే ఫ్యూజీ కొనండి. నాలుగైదు రోజుల్లో అయిపోతాయంటే, పిల్లల డబ్బాల్లోకి అంటే గాలా. దసరా నుంచి కార్తీక మాసం దాకా, అదీ కొన్న వెంటనే తినేటట్టయితే హిమాచల్ లేదా కాశ్మీర్ డెలీషియస్. పులుపు ఇష్టమైనవాళ్లకు, వంటలోకి, ఎక్కువ రోజులు ఉంచడానికి కూడా గ్రానీ స్మిత్. ఇక వేసవిలో, ఫ్రిజ్ లేని ఇంట్లో అయితే ఏ రకమైనా సరే, మూడు రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

పండు పిండిపిండిగా ఎందుకవుతుంది

యాపిల్ కోసిన తర్వాత కూడా బతికే ఉంటుంది. ఊపిరి పీలుస్తుంది, తనలోని చక్కెరను, పులుపును ఖర్చు చేసుకుంటుంది, నీటిని కోల్పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా ఎథిలీన్ అనే వాయువును వదులుతుంది. ఆ వాయువే పండును ఇంకా మగ్గమని తొందరపెడుతుంది. మగ్గేకొద్దీ ఎథిలీన్ ఎక్కువ, ఎథిలీన్ ఎక్కువయ్యేకొద్దీ మగ్గడం ఎక్కువ. అరటి, మామిడి, సపోటాల సంగతీ ఇదే.

పండు గుజ్జులో కణాలు గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటిని పట్టి ఉంచే సున్నం లాంటిది పెక్టిన్. తాజా పండును కొరికినప్పుడు కణాలే పగులుతాయి, రసం చిమ్ముతుంది, కరకరమనే శబ్దం వస్తుంది. మగ్గిపోయిన పండులో పెక్టిన్ కరిగి కణాల మధ్య పట్టు సడలుతుంది. కొరికితే కణాలు పగలకుండా విడివిడిగా ఊడి వస్తాయి. రసం లోపలే ఉండిపోతుంది, నాలుక మీద పొడిపొడిగా తగులుతుంది. అందుకే పిండిగా మారిన పండులో నిజానికి నీళ్లున్నా ఎండిపోయినట్టు అనిపిస్తుంది.

ఈ పని ఎంత వేగంగా జరుగుతుందనేది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి ఉష్ణోగ్రత. సున్నా డిగ్రీల దగ్గర నెమ్మదిగా సాగే మార్పు మన వంటింటి వేడిలో ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. రెండోది రకం. కొన్ని రకాలు పుట్టుకతోనే ఎథిలీన్ తక్కువగా వదులుతాయి, గుజ్జు గట్టిగా ఉంటుంది. ఇంకొన్నింటికి ఆ ఓపిక లేదు. పోలికంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఫ్యూజీ: దాచుకోవడానికి నా మొదటి ఓటు

ఫ్యూజీ జపాన్ పండు. ఉత్తర జపాన్‌లోని అవొమొరి ప్రాంతంలో ఫుజిసాకి అనే ఊరి పరిశోధన కేంద్రంలో 1939లో రెండు అమెరికన్ రకాలను కలిపి ఈ పనికి శ్రీకారం చుట్టారు. ఒకటి రెడ్ డెలీషియస్, రెండోది రాల్స్ జానెట్ అనే పాత రకం. మధ్యలో యుద్ధం వచ్చింది. కొత్త రకానికి పేరు పెట్టి రైతులకు ఇచ్చేసరికి 1962 అయింది. డెలీషియస్ తీపి, రాల్స్ జానెట్ నిల్వ గుణం, రెండూ దీనికి వచ్చాయి. రాల్స్ జానెట్ చాలా ఆలస్యంగా పక్వానికి వచ్చి శీతాకాలమంతా ఆగే రకం. ఫ్యూజీ కూడా అంతే, అక్టోబరు చివర, నవంబరులో గానీ కోతకు రాదు. సాధారణంగా ఆలస్యంగా కోతకు వచ్చే యాపిల్సే ఎక్కువ రోజులు నిలుస్తాయి.

చూడ్డానికి ఇది గొప్పగా ఉండదు. పసుపు, లేత ఆకుపచ్చ కలిసిన తొక్క మీద గులాబీ ఎరుపు చారలు, ఒక్కోసారి మట్టిరంగు ఛాయ. పక్కనే నిగనిగలాడే వాషింగ్టన్ డెలీషియస్ ఉంటే కళ్లు దాని మీదికే పోతాయి. జపాన్‌లో కూడా రంగు కోసం చెట్టు మీదే కాయకు కాగితపు సంచి కట్టి, కోతకు ముందు తీసేసే పద్ధతి ఉంది. సంచి కట్టకుండా ఎండకు వదిలేసిన ఫ్యూజీకి అంత అందం రాదు కానీ తీపి ఎక్కువని అక్కడి తినేవాళ్లకు తెలుసు. మంచి ఫ్యూజీ రసంలో తీపి 15 శాతం దాటడం మామూలే.

గుజ్జు బిగువుగా ఉంటుంది, ఎథిలీన్ తక్కువగా వదులుతుంది. దుకాణంలో కొన్న ఫ్యూజీ మన ఇంటి ఫ్రిజ్‌లో నెల, నెలన్నర వరకు కరకరలాడుతూనే ఉంటుందని ధైర్యంగా చెప్పొచ్చు. కొత్త కోత పండు దొరికితే ఇంకా ఎక్కువే. బల్ల మీద పెట్టినా చలికాలంలో వారం, పది రోజులు ఆగుతుంది.

ఒక్క విషయంలో జాగ్రత్త. ఫ్యూజీని అడ్డంగా కోస్తే ఒక్కోసారి గింజల చుట్టూ అద్దంలా మెరిసే భాగం కనిపిస్తుంది. చాలామంది పాడైందని పారేస్తారు. అది పాడవడం కాదు. బాగా పండిన కాయలో సార్బిటాల్ అనే చక్కెర, దానితో పాటు నీరు కణాల మధ్య ఖాళీల్లో నిండిపోవడం వల్ల అలా కనిపిస్తుంది. జపాన్‌లో దాన్నే తేనె నిండిన పండంటూ ఇష్టపడి కొంటారు. రుచి నిజంగానే బాగుంటుంది. కానీ అలాంటి పండు దాచడానికి పనికిరాదు, కొన్ని వారాల్లో లోపల గోధుమరంగుకు తిరుగుతుంది. తెచ్చిన సంచిలో మొదటి పండు కోసినప్పుడు అద్దం మెరుపు ఎక్కువగా కనిపిస్తే మిగతావి కూడా త్వరగా తినేయండి.

మన దగ్గర ఒకప్పుడు ఫ్యూజీ అంటే చైనా నుంచి వచ్చేదే. తెల్లటి నురగ జాలీ తొడిగిన ఆ పెద్ద పళ్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. పురుగులు, తెగుళ్ల భయంతో 2017లో చైనా యాపిల్ దిగుమతిని భారత ప్రభుత్వం ఆపేసింది. ఇప్పుడు వేరే దేశాల నుంచి వస్తున్నాయి, హిమాచల్, కాశ్మీర్ తోటల్లో కూడా కొంత పండిస్తున్నారు. దుకాణంలో "ఫ్యూజీ ఉందా?" అని పేరు పెట్టి అడగండి. అడగకపోతే చేతికి అందిన ఎర్రటి పండే ఇస్తారు.

గాలా: త్వరగా తినేవాళ్లకు

గాలా న్యూజిలాండ్ రకం. 1930లలో కిడ్స్ ఆరెంజ్ రెడ్, గోల్డెన్ డెలీషియస్ అనే రెండు రకాలను కలిపి సృష్టించారు. కాయ చిన్నది, తొక్క పల్చన, పులుపు తక్కువ, మంచి వాసన. చిన్న పిల్లలకు, పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకు ఇంతకంటే అనువైన రకం నాకు తెలిసి లేదు. ఒక పండు ఒక పూటకు సరిపోతుంది, సగం కోసి మిగతా సగం నల్లబడే బాధ ఉండదు.

దాచే విషయంలో మాత్రం ఫ్యూజీతో పోటీ పడలేదు. సీజన్ మొదట్లో కోతకు వచ్చే రకం ఇది. నిల్వలో గట్టిదనం కంటే ముందు దీని రుచి పోతుంది, ఉన్న కాస్త పులుపూ తగ్గి చప్పబడుతుంది. ఆ తర్వాత తొడిమ దగ్గర తొక్క ముడత పడుతుంది. ఫ్రిజ్‌లో రెండు వారాలు, బయట నాలుగైదు రోజులు అనుకుని కొనండి. ధర తగ్గిందని మూడు కిలోలు తెచ్చుకోవాల్సిన పండు కాదు.

కాశ్మీర్, హిమాచల్‌లలో దగ్గర దగ్గరగా చెట్లు పెంచే కొత్త తరహా తోటల నుంచి ఆగస్టు ప్రాంతంలో గాలా వస్తోంది. అప్పటికి డెలీషియస్ ఇంకా ఊపందుకోదు. శ్రావణ మాసం పూజలకు, వాయినాలకు పళ్లు కొనేటప్పుడు దీన్ని చూడండి, ఎలాగూ వెంటనే పంచేస్తారు కాబట్టి నిల్వ సమస్యే రాదు.

డెలీషియస్: మన మార్కెట్‌లో ఎక్కువగా దొరికేది, ఎక్కువగా నిరాశపరిచేది కూడా

తెలుగు ఊళ్లలో బండి మీద "సిమ్లా యాపిల్", "కాశ్మీర్ యాపిల్" అని అమ్మే వాటిలో ఎక్కువ భాగం డెలీషియస్ కుటుంబమే. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక రైతు తోటలో దానంతట అది మొలిచిన చెట్టు నుంచి 19వ శతాబ్దం చివర ఈ రకం బయటికొచ్చింది. ఫిలడెల్ఫియా నుంచి వచ్చి సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ 20వ శతాబ్దం రెండో దశకంలో దీన్ని హిమాచల్‌లో నాటించాడు. అంతకుముందు బ్రిటిష్ వాళ్లు తెచ్చిన పుల్లటి రకాలు మనవాళ్లకు అంతగా నచ్చలేదు. తియ్యటి డెలీషియస్ ఆ కొండల బతుకునే మార్చేసింది. స్టోక్స్ స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు కూడా వెళ్లాడు, ఆ తర్వాత సత్యానంద్‌గా పేరు మార్చుకున్నాడు.

ఈ రకం మీద నాకు గౌరవముంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో హిమాచల్‌లోని కిన్నౌర్ నుంచి వచ్చిన తాజా డెలీషియస్ తిన్నవాళ్లు దాన్ని మర్చిపోరు. తీపి, వాసన, రసం అన్నీ కుదిరిన పండు. అయితే అది తాజాగా ఉన్నప్పటి మాట. త్వరగా పిండిగా మారడం దీని స్వభావం. పైగా గత వందేళ్లలో మొక్కలు ఎంచుకునేటప్పుడు ఇంకా ఎర్రగా, ఇంకా ముందుగా ఎరుపెక్కే కొమ్మలనే తీసుకుంటూ పోయారు. దాంతో కాయ లోపల పక్వానికి రాకముందే పైన పూర్తిగా ఎర్రబడుతుంది. అందుకే ఎరుపు చూసి రుచి అంచనా వేయడం ఈ రకంలో అసలు కుదరదు. లోపల పిండిగా మారిపోయాక కూడా పైన అదే మెరుపు ఉంటుంది.

ఇంకో ఇబ్బంది, దీని అడుగున పూవు రాలిన గుంట దగ్గర లోపలి గింజల గదికి సన్నటి దారి తెరిచి ఉంటుంది. పూత సమయంలో అందులోంచి బూజు లోపలికి చేరి, పైకి ఏమీ కనిపించకుండా మధ్యలో నల్లగా పెరుగుతుంది. పిల్లలకు డెలీషియస్‌ను ఎప్పుడూ కోసి, మధ్య భాగం చూశాకే ఇవ్వండి. పెద్దవాళ్లు కొరుక్కుని తిన్నా ఈ ఒక్క రకాన్ని ముందు రెండుగా కోయడం మంచిది.

ఫ్రిజ్‌లో రెండు వారాలు, మహా అయితే మూడు. బయట మూడు, నాలుగు రోజులు. కాశ్మీర్ సొంత పాత రకం అంబ్రి ఎక్కడైనా కనిపిస్తే మాత్రం వదలొద్దు. వాసన అద్భుతంగా ఉంటుంది, నిల్వ కూడా బాగుంటుంది. డెలీషియస్ తోటలు పెరిగేకొద్దీ అది బాగా తగ్గిపోయింది. మన వైపు దొరకడం అరుదు.

గ్రానీ స్మిత్: పచ్చటి, పుల్లటి యాపిల్

1868 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ తోటలో మొలిచిన మొక్క ఇది. పండినా ఆకుపచ్చగానే ఉంటుంది, పులుపు బాగా ఎక్కువ. ఆ పులుపు, గట్టిదనం వల్ల ఫ్రిజ్‌లో నెలకు పైగా హాయిగా ఆగుతుంది. ఎక్కువ రోజులు ఉంచితే తొక్క మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. అది తొక్కకు వచ్చే మార్పే, లోపలి గుజ్జు గట్టిగా ఉంటే తొక్క తీసి వాడుకోవచ్చు. ఆకుపచ్చ కాస్త పసుపుకు తిరిగి, చేతికి జిడ్డుగా తగిలితే పండు పాతబడిందని గుర్తు.

వంటలో దీనికి సాటి లేదు. ఉడికినా ముక్క చెదరదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు పచ్చి మామిడికాయ దొరకని రోజుల్లో పప్పులోకి, పులిహోరలోకి, ఉగాది పచ్చడిలోకి ఇదే దిక్కు. ఉప్పు, కారం అద్దుకుని తినేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు రెండు మాటలు

అక్కడ దుకాణంలో పది రకాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎంపిక ఇంకా కష్టం. హనీక్రిస్ప్ అనేది మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1991లో విడుదల చేసిన రకం. కొరికితే రసం ఉబికివస్తుంది, ధరా ఎక్కువే. అయితే చలికి సున్నితం. కోసిన వెంటనే బాగా చల్లటి చోట పెడితే తొక్క మీద గోధుమరంగు పట్టీలు వస్తాయి. వాణిజ్య గిడ్డంగుల్లో దీన్ని ముందు కొన్ని రోజులు ఓ మోస్తరు చల్లదనంలో ఉంచి ఆ తర్వాతే చలిగదిలోకి పంపేది అందుకే. దుకాణంలో కొన్నదాన్ని మామూలుగా ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. సెప్టెంబరు, అక్టోబరుల్లో కుటుంబమంతా తోటకెళ్లి కోసుకొచ్చిన హనీక్రిస్ప్‌ను మాత్రం మొదట కొన్నాళ్లు చల్లటి గదిలోనో గరాజ్‌లోనో ఉంచి తర్వాత ఫ్రిజ్‌కు మార్చండి.

తోటలో సంచి నింపుకునేటప్పుడు సగం గాలా, సగం ఫ్యూజీ కోసుకుంటే గాలా ముందు తిని, ఫ్యూజీ దాచుకోవచ్చు. కాకపోతే రెండూ ఒకేసారి కోతకు రావు, ఫ్యూజీ కోసం అక్టోబరు దాకా ఆగాలి. హనీక్రిస్ప్ నుంచే పుట్టి, 2019 చివర్లో దుకాణాల్లోకి వచ్చిన కాస్మిక్ క్రిస్ప్ వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లది. నిల్వలో ఫ్యూజీకి దీటుగా నిలుస్తుంది, కోశాక నల్లబడటం కూడా నెమ్మదే. పిల్లల లంచ్ డబ్బాలోకి ముక్కలు పెట్టాలంటే నేను దాన్నే సూచిస్తాను. పింక్ లేడీ కూడా ఆలస్యంగా కోతకొచ్చే గట్టి రకం. తీపి, పులుపు సమంగా కావాలంటే అది తీసుకోండి.

ఏ నెలలో ఏది

యాపిల్ ఏడాదికోసారే కాస్తుంది. ఏడాదంతా దొరుకుతోందంటే అది చలిగదుల పుణ్యం. ఆక్సిజన్‌ను ఒకటి నుంచి మూడు శాతానికి తగ్గించి, సున్నా, ఒకటి డిగ్రీల దగ్గర గాలి చొరబడకుండా మూసిన గదుల్లో పండు నిద్రపోతున్నట్టు నెలల తరబడి ఉంటుంది. హిమాచల్‌లోనూ, కాశ్మీర్‌లో పుల్వామా జిల్లా లాసిపొరాలోనూ ఇలాంటి గిడ్డంగులున్నాయి. అందులో తప్పేమీ లేదు, ఆరోగ్యానికి హానీ లేదు. కానీ ఆ గదిలోంచి బయటికొచ్చాక పండుకు మిగిలిన ఆయుష్షు తక్కువ. అక్టోబరులో కొన్న డెలీషియస్, ఏప్రిల్‌లో కొన్న డెలీషియస్ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఇంట్లో ఒకేలా నిలవవు.

హిమాచల్ దిగువ కొండల నుంచి జూలైలో మొదలై, ఎత్తైన కిన్నౌర్ నుంచి అక్టోబరు దాకా వస్తాయి. కాశ్మీర్ డెలీషియస్ సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో. హైదరాబాద్ శివారు బాటసింగారం పళ్ల మార్కెట్‌కు ఆ నెలల్లో వచ్చే పెట్టెల్లో ఉన్నవి కొత్త కోత. డెలీషియస్ తినాల్సింది అప్పుడే. సంక్రాంతి దాటాక దొరికే మన దేశపు పండు చలిగదిలోంచి వచ్చిందే.

వేసవిలో ఏం చేయాలి? ఇక్కడ భూగోళం మనకు సాయపడుతుంది. న్యూజిలాండ్, చిలీ, దక్షిణాఫ్రికాలలో ఋతువులు తలకిందులు, అక్కడ కోత ఫిబ్రవరి నుంచి మే వరకు. ఓడలో వచ్చేసరికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి మే నుంచి జూలై వరకు మన దుకాణాల్లో ఆ దేశాల గాలా, ఫ్యూజీలే కొత్త పంట. అదే సమయంలో అమెరికా, ఇరాన్, టర్కీ పళ్లు గత శరదృతువు కోత. దిగుమతి పండు అనగానే తాజాది అనుకోవద్దు, ఏ దేశమో చూసి నెలతో సరిపోల్చుకోండి.

తెలుగు నేల మీద కాసిన యాపిల్ సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు వేడిని తట్టుకునే హెచ్‌ఆర్‌ఎంఎన్ 99 రకం పెంచితే 2020లో కాపుకొచ్చింది. లంబసింగి వైపు కూడా ప్రయత్నాలు జరిగాయి. ఈ రకం కాయలు జూన్ ప్రాంతంలో వస్తాయి. మీ జిల్లాలో ఎవరైనా అమ్ముతుంటే తప్పకుండా కొనండి, అయితే తాజాగా తినడానికే.

కొనేటప్పుడు

చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి తగ్గ బరువుండాలి. వేలితో నొక్కి చూడకండి, మీరు కొనకపోతే ఆ నొక్కు దగ్గర ఇంకొకరి ఇంట్లో కుళ్లు మొదలవుతుంది. వేలి కణుపుతో మెల్లగా తడితే గట్టి పండు ఖణేల్‌మంటుంది, పాత పండు మొద్దుగా పలుకుతుంది. ఎరుపు పక్కన పెట్టి, తొడిమ గుంటలో ఎరుపెక్కని చోట అడుగు రంగు చూడండి. లేత ఆకుపచ్చ ఉంటే ఇంకా ఆగుతుంది, బాగా పసుపైతే ఈ వారమే తినాలి. దాచడానికైతే పెద్ద కాయల కంటే మధ్యస్థం మంచివి. పెద్ద కాయ ఎప్పుడూ ముందే మెత్తబడుతుంది.

స్టిక్కర్ మీది నాలుగంకెల సంఖ్య రకాన్ని చెబుతుంది. 4131 అంటే పెద్ద ఫ్యూజీ, 4135 పెద్ద గాలా, 4016 పెద్ద రెడ్ డెలీషియస్, 4017 పెద్ద గ్రానీ స్మిత్. ముందు 9 చేరి అయిదంకెలైతే సేంద్రియ పంట. ఆ సంఖ్యలో నాణ్యత గురించి గానీ, కోసిన తేదీ గురించి గానీ ఏమీ ఉండదు.

మైనం గురించి చాలామందికి టెన్షన్. యాపిల్ తొక్కకు సహజంగానే మైనపు పొర ఉంటుంది. ప్యాకింగ్ ముందు కడిగినప్పుడు అది కొంత పోతుంది కాబట్టి తేనెమైనం, కార్నాబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనం, లక్క లాంటివి పల్చగా పూస్తారు. అలాంటి సహజమైన మైనాలకు మన ఆహార నిబంధనల్లో అనుమతి ఉంది. తినే ముందు గోరువెచ్చటి నీళ్లలో రుద్ది కడిగితే చాలు.

ఇంట్లో ఎలా పెట్టాలి

ఇంటికి తెచ్చేటప్పుడే సగం నిల్వ తేలిపోతుంది. స్కూటర్ హుక్కుకు తగిలించిన సంచిలో పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ వస్తే, ఆ రోజు కనిపించని దెబ్బలు నాలుగు రోజుల్లో గోధుమ మచ్చలవుతాయి. ఒడిలోనో, సీటు కింద గుడ్డ పరిచో పెట్టుకోండి.

తెచ్చాక కడగొద్దు. తడి తొడిమ గుంటలో నిలిస్తే బూజుకు అదే చాలు. ఏ పూటకాపూట కడుక్కోండి. దెబ్బ తగిలినవి, గాటు పడినవి, తొడిమ ఊడినవి ఏరి పక్కన పెట్టి ముందు తినేయండి. మిగతావాటిని నాలుగైదు చిన్న చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ కవర్‌లో వేసి, మూతి గట్టిగా ముడేయకుండా మడిచి, ఫ్రిజ్ అడుగున కూరగాయల ట్రేలో పెట్టండి. యాపిల్‌కు కావాల్సింది చల్లదనం, దానితో పాటు 90 శాతానికి పైగా తేమ. ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది, విడిగా వదిలేసిన పండు తొక్క ముడత పడేది అందుకే. అలాగని గాలి చొరబడని డబ్బాలో బిగించకూడదు, లోపల నీళ్లు కారి బూజు పడుతుంది. ఫ్రిజ్ వెనక గోడకు ఆనించొద్దు, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టి కరిగిన యాపిల్ ఇక తినడానికి పనికిరాదు, వంటకే.

ఫ్రిజ్‌లో ఇంకెవరి పక్కన పెడుతున్నారో చూసుకోవాలి. యాపిల్ వదిలే ఎథిలీన్‌కు కొత్తిమీర, పాలకూర లాంటి ఆకులు పసుపెక్కుతాయి, దోసకాయ మెత్తబడుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. మన ఇళ్లలో ఒకటే ట్రే ఉంటుంది కాబట్టి యాపిల్స్ కవర్‌లో, ఆకుకూరలు మూత ఉన్న డబ్బాలో వేరు చేయండి. ఉల్లిపాయల దగ్గర అసలు పెట్టొద్దు, వాసన పడుతుంది.

వారానికోసారి కవర్ విప్పి చూడండి. ఒక పండు కుళ్లితే పక్కవాటికి అంటుకుంటుంది. నీలి బూజు పట్టినదాన్ని మచ్చ మేరకు కోసేసి మిగతాది జ్యూస్ పట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానేయండి. ఆ బూజు పట్యులిన్ అనే విషపదార్థాన్ని తయారుచేస్తుంది, అది మచ్చ దాటి చుట్టూ ఉన్న గుజ్జులోకి కూడా చేరగలదు.

ఫ్రిజ్ లేకపోతే ఒక్కో పండునూ తెల్ల కాగితంలో చుట్టి, ఎండ తగలని, గాలి ఆడే చోట ఒకే వరసలో పరచండి. పాత న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. కాగితం చుట్టడం వల్ల ఒకదాని కుళ్లు ఇంకోదానికి పాకదు. చలికాలంలో ఇలా ఫ్యూజీ పది రోజులు ఆగుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం ఏ చిట్కా పనిచేయదు.

పెట్టెగా కొనడం లాభమా? అక్టోబరులో, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి పంచుకునేటట్టయితే లాభమే. హిమాచల్ పెట్టె 20 కిలోలు ఉంటుంది, ఒక ఇంటి ఫ్రిజ్‌కు అది ఎక్కువ. డెలీషియస్ పెట్టెను ఒక్క ఇల్లే కొనుక్కుంటే చివరి అయిదు కిలోలు పిండిగా మారాకే తినాల్సి వస్తుంది.

కోసిన ముక్కలు నల్లబడకుండా జపాన్ వాళ్లు చేసేది తేలికైన పని. గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి, ముక్కలను కొన్ని నిమిషాలు నానబెట్టి తీసేస్తారు. ఉప్పదనం తగిలితే ఒకసారి మంచినీళ్లలో ముంచి తీయొచ్చు. నిమ్మరసం కూడా పనిచేస్తుంది కానీ గాలా లాంటి మృదువైన పండు రుచిని అది మింగేస్తుంది.

ఇన్ని చేసినా కొన్ని పళ్లు పిండిగా మారతాయి. బూజు లేకపోతే పారేయనక్కర్లేదు. ఉడికిస్తే పిండిదనం తెలియదు కాబట్టి తురిమి నెయ్యిలో హల్వా చేసుకోవచ్చు, పసిపిల్లలకు ఉడికించి మెత్తగా మెదిపి పెట్టొచ్చు. ఇంట్లో గట్టి సపోటాలో, మగ్గని మామిడికాయలో ఉంటే బాగా మగ్గిన డెలీషియస్ ఒకటి వాటితో పాటు కాగితం సంచిలో వేసి మూతి మడిచి ఉంచండి. అది వదిలే ఎథిలీన్‌కు కార్బైడ్ అవసరం లేకుండా రెండు మూడు రోజుల్లో మగ్గుతాయి.